బర్కత్ టాకా

భాద్రపద మాసం, శుక్రవారం. స్థలం: వనపర్తి, మా వర్క్‌షాపు. హాజరైనవారు: ఫోర్‌మన్ హోదాలో నేను, మా ఫిట్టరు, తెరచాప పడవల కోచ్, పడవ నడిపే అమ్మాయి, ఆమె తండ్రి. పని: రెండు ముక్కలుగా వచ్చిన అల్యూమినియం కంబాన్ని ఒకటిగా అతకడం.

ఏ పనికైనా మొదట రోజూ స్థలమూ, తర్వాత హాజరు, ఆ తర్వాత పని అని డైరీలో రాసుకోవడం ఉద్యోగంలో చేరిననాటి నుంచీ నా అలవాటు. అందువల్ల చేసిన పనులన్నీ గుర్తున్నాయి. కొన్ని గుర్తులేకపోతే బాగుండేదని అనిపిస్తుంది. వాటిలో మొదటిది ఇదే. వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీకు పనికొస్తే సంతోషం. నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మాది కాలువ గేట్లు, పంపుల పైపులు చేసే వర్క్‌షాపు. ఇనుము తప్ప మరొకటి పెద్దగా ముట్టని చేతులు మావి. ఇనుముతో ఒక సుఖం ఉంది. సరిగ్గా వెల్డింగ్ చేస్తే అతుకు, పక్కనున్న పలక కంటే గట్టిగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ సుఖానికి అలవాటు పడ్డవాడికి వెల్డింగ్ మీద ఉండేది నమ్మకం కాదు, భక్తి. రివెట్లంటే మాకు చిన్నచూపు. బకెట్లకు మాట్లు వేసేవాళ్ల పని అనుకునేవాళ్లం.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పని పూర్తయ్యాక, వస్తువు వర్క్‌షాపు దాటే ముందు, ఫోర్‌మన్ స్వయంగా ముసుగు పెట్టుకుని, లెక్క ప్రకారం అక్కర్లేని చోట ఒక చిన్న టాకా, అంటే చుక్కంత వెల్డింగ్, వేసేవాడు. దాన్ని బర్కత్ టాకా అనేవాళ్లం. వర్క్‌షాపు పెట్టిన కొత్తలో ఎవరో ఉస్తాద్ మొదలుపెట్టాడట. చేసిన పని నిలవాలని, వాడుకునేవాడికి కలిసిరావాలని. గేటు తీసుకుపోవడానికి వచ్చిన రైతులు కూడా "బర్కత్ ఏసిండ్రా సార్?" అని అడిగి, వేలితో తడిమి చూసుకుని మరీ పోయేవాళ్లు. ఇనుముకు దానివల్ల లాభం లేదు, నష్టమూ లేదు. నేను ఫోర్‌మన్ అయ్యాక ఆ టాకా వేసే హక్కు నాకు వచ్చింది. కుర్చీ కంటే, గది కంటే నాకు అదే ఎక్కువ గొప్పగా ఉండేది.

అలాంటి వర్క్‌షాపుకు ఆ శుక్రవారం కోచ్ వచ్చాడు. సముద్రం మీద ఉద్యోగం చేసి రిటైరైన కోస్తా మనిషి. కొల్లాపూర్ వైపు కృష్ణ వెనుక నీళ్ల ఒడ్డున పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతున్నాడు. ఆ పిల్లల్లో అందరికంటే బాగా నడిపేది చేపలు పట్టుకుని బతికే ఒకతని కూతురు. ఆ శని, ఆదివారాల్లోనే అక్కడ పోటీలు. మొదటి ముగ్గురిలో నిలిస్తే నగరంలో హాస్టలు, చదువు, శిక్షణ అన్నీ పోటీలు పెట్టినవాళ్లే చూసుకుంటారు. మరుసటి ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. ఇంతలో ఆమె పడవ కంబం, అంటే తెరచాపను నిలబెట్టే పొడవాటి గొట్టం, లారీ మీద నుంచి దించుతుంటే పడి వంకరపోయింది. కొత్తది తెప్పించారు. అంత పొడుగు గొట్టాన్ని పార్శిల్ వాళ్లు ఎక్కించుకోబోమన్నారు కాబట్టి రెండు ముక్కలుగా వచ్చింది. దాన్ని వంకర లేకుండా పరిచి అతకడానికి సరిపడా బల్ల ఆ చుట్టుపక్కల మా దగ్గరే ఉంది.

"ఫోర్‌మన్ గారూ, ఇది మీ ఇనుము కాదండి. దీన్ని ఇనుములా చూడకండి" అన్నాడు కోచ్, గొట్టాన్ని బల్ల మీద పెట్టగానే.

ఆయన చెప్పింది మీకూ చెబుతాను. కాగిన అల్యూమినియం దిమ్మెను మురుకుల గొట్టంలో పిండి వత్తినట్టు అచ్చులోంచి వత్తుతారు. కంబం గొట్టం, దాని వెనకవైపు తెరచాప అంచు దూరే గాడి, రెండూ ఒకేసారి దిగుతాయి. తర్వాత దాన్ని లెక్కగా కాచి, చల్లార్చి, మళ్లీ సన్నగా కాచి పదును పెడతారు. అంత పల్చని గొట్టం గాలికి విల్లులా వంగి మళ్లీ నిటారుగా లేచేది ఆ పదును వల్లనే. దానికి మళ్లీ పెద్ద వేడి తగిలితే పదును పోతుంది. పైకి ఏమీ తెలియదు. ఇనుమైతే ఎర్రబడి మనల్ని హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారదు. చప్పుడు లేకుండా మెత్తబడుతుంది.

అందుకే ఇలాంటి కంబాన్ని వెల్డింగ్‌తో అతకరు. పాత కంబంలో బాగున్న చోట ఒక ముక్క కోసి, నిలువునా చీల్చి, నొక్కి, కొత్త గొట్టం లోపలికి బిగుతుగా దూరేలా చేశాం. దాన్ని స్లీవ్ అంటారు. సగం కింది ముక్కలోకి, సగం పై ముక్కలోకి పోవాలి. రెండు పాళ్ల జిగురు కలిపి రాసి, పైనుంచి రివెట్లు బిగించాలి. రివెట్లన్నీ ఒకే వరుసలో కొడితే ఆ చిల్లుల వెంటే చిరుగుతుంది, కాబట్టి ఎడంగా, ఏటవాలుగా కొట్టాలి. రివెట్ల ఉక్కు అల్యూమినియానికి నేరుగా తగిలితే తడికి తినేస్తుంది, కాబట్టి మధ్యలో తడి సోకనివ్వని లేపనం ముద్ద పూయాలి. ఇంతే పని. ఓపిక ఉంటే ఎవరైనా చేయవచ్చు.

మా ఫిట్టరుది గట్టు మండలం. నాకంటే కాస్త చిన్నవాడు. నోరు ఊరుకునే రకం కాదు.

"అన్నా, అంతంత గేట్లు చేసినోళ్లం, ఆఖరికి దస్తీలు కుట్టే పనికొచ్చినం" అన్నాడు రివెట్ల డబ్బా తెరుస్తూ.

"కుట్టండి బాబూ, కానీ బాగా కుట్టండి" అన్నాడు కోచ్.

అమ్మాయి బల్ల చివర వంగి, ఒక కన్ను మూసి గాడి వెంట చూస్తోంది. మేం దారం పట్టి చూసి సరిపోయిందనుకున్నాం. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మామా, పై ముక్క జర ఎడమకు తిరిగింది."

"ఏంది బిడ్డా, కండ్లల్ల రసమట్టం పెట్టుకొని పుట్టినవా?" అన్నాడు ఫిట్టరు.

"గాడి వంకరుంటే చాప ఎక్కదు మామా. మీకేంది, ఈడ కూసుంటరు. నీళ్లల్ల తిప్పలు నాకే గద."

ఫిట్టరు నవ్వి, ముక్కను వెంట్రుకవాసి తిప్పాడు. నిజంగానే గాడి కలిసింది. రివెట్లు బిగించాం. అతుకు శుభ్రంగా వచ్చింది. కోచ్ దాన్ని రెండు వైపులా పట్టుకుని చూసి, "బ్రహ్మాండం. తాళ్లు ఒరుసుకోకుండా అతుకు మీద టేపు చుట్టేయండి. నేను బండి మాట్లాడుకుని వస్తాను. అన్నట్టు, వేడి మాత్రం దరిదాపులకు రానివ్వకండి" అని బయటికి వెళ్లాడు.

ఇక్కడిదాకా మా పనిలో తప్పులేదు.

కోచ్ వెళ్లగానే అమ్మాయి తండ్రి దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు అతని పడవ ఇంజన్ పట్టీ విరిగితే మా వర్క్‌షాపులోనే చేయించుకుపోయాడు. అప్పుడు దానికి నేను వేసిన టాకాను అతను మరిచిపోలేదు.

"సార్, ఒక్క మాట. నా ఇంజన్ పట్టీకి ఏసినట్టే మా బిడ్డ కంబానికి గూడ బర్కత్ ఏస్తే మంచిగుంటది."

అతను ఆ మాట అంటున్నప్పటికే నేను చేతికి తొడుగులు వేసుకుంటున్నాను. అల్యూమినియాన్ని కూడా వెల్డింగ్ చేసే ఆర్గాన్ మిషన్ మా వర్క్‌షాపుకు కొత్తగా వచ్చింది. దానితో ఏదైనా చేసి చూపించాలని నాకు తహతహగా ఉండేది.

ఫిట్టరు నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, వద్దు. ఆయన ఇప్పుడే చెప్పిపోయె గద, వేడి తగలొద్దని."

"ఆయన వద్దన్నది వెల్డింగ్ అతుకును. ఇది అతుకు కాదు, బర్కత్" అన్నాను.

ఆ జవాబు నాకు చాలా తెలివైనదిగా తోచింది. ముసుగు దించి, రెండు గొట్టాలు కలిసిన గీత మీద ఒక టాకా వేశాను. మెరిసే గొట్టం మీద ఆ ఒక్క చుక్క మొటిమలా కనిపించింది. చూడటానికి బాగుండదని చుట్టూ తిప్పేశాను. ఉంగరంలా వచ్చింది. నా చేతి పనిలో అంత అందమైనది మరొకటి లేదని ఇప్పటికీ చెప్పగలను. ఏదో మాడిన వాసన వచ్చింది. లోపలి జిగురు అని తట్టలేదు. తట్టలేదంటే తట్టనివ్వలేదు.

అమ్మాయి చల్లారేదాకా ఆగి, దాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. ఫిట్టరు టేపు చుట్టాడు. టేపు కింద టాకా కనిపించదని నాకు తెలుసు. దాచాలని చుట్టించలేదు. కోచ్ తిరిగొచ్చాక చెప్పనూ లేదు.

మరునాడు శనివారం నేనూ ఫిట్టరూ పొద్దున్నే కొల్లాపూర్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఒడ్డుకు చేరుకున్నాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పోటీకి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు, ఊరివాళ్లు చెట్ల నీడన కూర్చుని ఉన్నారు. నేను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను, ఆ ఎర్రచారల చాప ఉన్న పడవ కంబం మా వర్క్‌షాపులో తయారైందని. ఫిట్టరు మాత్రం దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

మొదటి పందెంలో అమ్మాయి రెండో స్థానంలో వచ్చింది. రెండో పందెంలో మొదటి మలుపు దాటేసరికి అందరికంటే ముందుంది. ఆమె తండ్రి తన పడవలో ఒడ్డుకు దగ్గరగా నిలబడి, తువ్వాలు తలపైన తిప్పుతున్నాడు. అంతలో నల్లమల కొండల దిక్కు నుంచి ఒక గాలి దబ్బున దిగింది. నీళ్లు నల్లబడుతూ పడవల వైపు పరుగెత్తడం ఒడ్డు మీది నుంచి కూడా కనిపించింది. పడవలన్నీ ఒక పక్కకు ఒరిగాయి, కంబాలు వంగాయి, మళ్లీ లేచాయి. మాది లేవలేదు. అతుకు దగ్గర మోకాలు మడిచినట్టు మడుచుకుంది. పెద్ద చప్పుడేం రాలేదు. ఎర్రచారల చాప మెల్లగా నీళ్ల మీద పరుచుకుంది.

తండ్రి తన పడవతో వెళ్లి ఆమెను లాక్కొచ్చాడు. కంబాన్ని ఒడ్డు మీద పెట్టాక అందరూ చుట్టూ మూగారు. కోచ్ మోకాళ్ల మీద కూర్చుని టేపు విప్పాడు. విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు. బొటనవేలితో ఆ ఉంగరాన్ని తడిమాడు. గొట్టం వంగింది సరిగ్గా దాని పక్కనే. స్లీవ్ అంచున జిగురు నల్లగా మాడి ఉంది.

"ఇదెవరు వేశారండి?"

ఆ ప్రశ్న నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు, లేదా తెరుస్తానో లేదో అనుకునేలోపు, తండ్రి ముందుకు వచ్చాడు.

"నేనే అడిగి ఏపిచ్చిన సార్. సార్లు వద్దన్నరు. నేనే ఇనకుండ బతిమాలిన. తప్పు నాదే."

సార్లు వద్దనలేదు. ఒక్క ఫిట్టరు వద్దన్నాడు. నేను తొడుగులు వేసుకున్నాను.

కోచ్ మంచివాడు. కానీ ఆ క్షణంలో ఆయనకు ఒళ్లు తెలియలేదు. "నీకేం తెలుసని అడిగావయ్యా? వలలు అల్లుకునేవాడివి వలలు అల్లుకోక. కన్నకూతురి బతుకు నువ్వే ముంచేశావు కదయ్యా" అన్నాడు. అంత మందిలో, కూతురి ముందు. తండ్రి తల వంచుకుని నిలబడ్డాడు. తడి బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. అమ్మాయి నా వైపు చూసింది. శుక్రవారం వర్క్‌షాపులో ఆమె కూడా ఉంది, అన్నీ చూసింది. ఫిట్టరు నా వైపు చూడలేదు.

నేను వంగి, వంగిన చోటును పరీక్షగా చూడటం మొదలుపెట్టాను. పిల్లలూ, మీరు ఇలాంటి పరీక్షలు చాలా చూస్తారు. పెద్ద ఉద్యోగి నోరు విప్పలేనప్పుడు వస్తువును పరీక్షిస్తాడు.

జనం తప్పుకున్నాక షెడ్డు వెనుక కోచ్‌తో విడిగా చెప్పాను. అమ్మాయి తండ్రి అడిగినా అడగకపోయినా వేసింది నేనేనని, ఎవరూ బతిమాలలేదని చెప్పాను. ఆయన ముఖం మీద కోపం పోయి, అంతకంటే భరించలేనిది ఏదో వచ్చింది.

"ఆ మాట అక్కడ చెప్పాల్సిందండి" అన్నాడు. వాచీ చూసుకుని, "ఇప్పుడు పని చూద్దాం. రేపు పొద్దున ఇంకా రెండు పందేలున్నాయి. పడవ దిగితే ఆశ ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే షెడ్డులో మళ్లీ పనికి కూర్చున్నాం. పాత కంబం ముక్క అక్కడే ఉంది. రంపం, డ్రిల్లు, రివెట్లు కోచ్ దగ్గర ఉన్నాయి. మెత్తబడిన భాగాన్ని అటూ ఇటూ కోసి పారేశాం. మరింత పొడుగు స్లీవ్ చేశాం. కంబం జానెడు పొట్టిదైంది. పొట్టి కంబంతో ఆమెకు లాభమేమీ లేదు కాబట్టి మిగతా జట్లవాళ్లు ఒప్పుకున్నారు.

రంపం కోసం చెయ్యి చాపితే ఫిట్టరు ఇవ్వలేదు. "అన్నా, ఇయ్యాల జర నీ చేతులు జేబుల పెట్టుకో" అన్నాడు. నవ్వులాటగా అనబోయాడు కానీ, తలెత్తకుండానే కోత మొదలుపెట్టాడు. చివరికి గొట్టం కదలకుండా పట్టుకునే పని నాకిచ్చారు. తండ్రి అవతలి కొస పట్టుకున్నాడు. అంతసేపూ మేమిద్దరం ఒకే గొట్టాన్ని పట్టుకుని ఎదురెదురుగా ఉన్నాం. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పలేదు. మధ్యలో అతను, "చాయ్ తాగుతరా సార్? పొద్దుగాల సంది ఏం ముట్టలే మీరు" అని అడిగాడు. వద్దన్నాను. అయినా వెళ్లి తెచ్చాడు. తాగాను.

మరునాడు ఆదివారం తెల్లారేసరికి జిగురు రాయిలా గట్టిపడింది. కంబాన్ని నిలబెట్టి తీగలు బిగించాం. దారం పట్టినంత నిటారుగా ఉంది. పడవలన్నీ నీళ్లలోకి దిగాయి. అమ్మాయి అందరికంటే ముందే వెళ్లి, పందెం మొదలయ్యే గీత దగ్గర ఆగింది.

గాలి లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. తెరచాపలన్నీ ఆరేసిన చీరల్లా వేలాడుతున్నాయి. పందెం నడిపేవాళ్లు వేలు తడిపి పైకెత్తి చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, ఇంకాసేపు ఆగుదామన్నారు. ఆగారు. ఎండెక్కింది. పెట్టుకున్న గడువు దాటింది. జెండా దించేసి, మొదటి రోజు ఫలితాలనే ఖాయం చేశారు. అమ్మాయి నాలుగో స్థానం.

ఒడ్డుకు వచ్చిన పడవలు ఒక్కొక్కటే చాపలు చుట్టుకున్నాయి. గెలిచిన పిల్లలకు దండలు వేశారు. కోచ్ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. అమ్మాయి మాత్రం చాప దించలేదు. పడవ తాడు చేతిలో పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది. తండ్రి, నేను ఒడ్డు మీద ఉన్నాం.

అప్పుడు గాలి వచ్చింది. ముందు చెట్ల ఆకులు, తర్వాత కంబానికి కట్టిన తాళ్లు టకటక కొట్టుకున్నాయి. అమ్మాయి ఎవరినీ అడగకుండా పడవెక్కి చాప బిగించింది. కోచ్ ఆపబోయి ఊరుకున్నాడు. కొండల వైపు నుంచి ముందురోజు లాంటి గాలే దిగింది. అంతకంటే గట్టిగానే దిగింది. పడవ ఒరిగింది. ఆమె వీపు నీళ్లకు తాకేంతగా అవతలికి వాలింది. కంబం వంగింది. వంగి, మెల్లగా, నిటారుగా లేచింది. మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. కోచ్ చెప్పినట్టు, చెప్పినంత మాత్రమే చేసి ఊరుకుంటే ముందురోజు కూడా ఇలాగే లేచేది. కళ్లు తిప్పుకుందామనుకున్నాను. చేతకాలేదు.

"మంచిగ నిలబడ్డది సార్ కంబం" అన్నాడు తండ్రి. కూతురి మీద నుంచి చూపు తిప్పలేదు. "మొన్న నేను నోరు మూసుకొని ఉంటే అయిపోతుండె."

"నువ్వు అడగకపోయినా ఏస్తుంటి" అన్నాను.

"తెల్సు సార్" అన్నాడు.